ఎలాన్‌లకూ ఒక ధవళేశ్వరం గేజ్ కావాలి



గోదారి గట్టు పక్కన పెరిగినవాళ్ళకు ఒక ఎలాన్ గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. జూలైలో ఎగువన వానలు పడి నీళ్ళు ఎర్రబడగానే ఇంట్లో పెద్దల చెవులు రేడియో మీదే ఉండేవి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరింది, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు అనగానే మా అబ్బా లుంగీ పైకి కట్టుకుని బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించేవారు. 13.75 అంటే రెండో హెచ్చరిక. లంకల్లో ఉన్న దోస్తుల ఇళ్ళవాళ్ళు పశువుల్ని తోలుకుని గట్టెక్కేసేవారు. 17.75 అంటే మూడోది. ఇక అమ్మీ కాగితాల సంచీని నడుముకు కట్టుకునేది. రేషన్ కార్డు, ఇంటి పట్టా, నికానామా అన్నీ అందులోనే. ఖురాన్ షరీఫ్‌ను గుండెకు హత్తుకుని మంచం మీద కూర్చునేది. 1986 ఆగస్టు వరద కళ్ళారా చూసిన మనిషి. ఆ అంకెల మతలబు ఆమెకు ఏ ఇంజనీరూ చెప్పక్కర్లేదు.

అమ్మీ బడికి వెళ్ళలేదు. అయినా ఆ ఎలాన్ ఆమెకు పూర్తిగా అర్థమయ్యేది. ఎందుకంటే అందులో ఒక కొలత ఉంది. ఆ కొలత దాటితే అధికారి ఏం చేయాలో, లంకవాసి ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. మర్నాడు ఆ అంకె పెరిగిందా తగ్గిందా అని ఎవరైనా అడగొచ్చు, అడిగితే జవాబు వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో కూడా మనవాళ్ళు గంటగంటకూ ఒకరికొకరు చెప్పుకున్నది ఆ అంకే.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే రోజుకో ఎలాన్. పోలీసుల కొత్త యాప్. ఇంటి దగ్గరే వందల సేవలు. 2047 నాటికి స్వర్ణాంధ్ర. జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ మనం వీటి గురించే మాట్లాడుకుంటాం. ఒకరు మాషా అల్లాహ్ అంటారు, ఇంకొకరు అంతా బూటకం అంటారు. ఇద్దరూ చెప్పులేసుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఈ రెండు జవాబులూ తప్పే అని నా రాయ్. ఎలాన్‌ను మెచ్చుకోవడమూ తిట్టడమూ సులువే. దానికి గేజ్ ఎక్కడుందని అడగడమే మనకు అలవాటు కాలేదు. మన ఖౌమ్ నష్టపోతున్నది అక్కడే.

నా పేరు నాకు తెలీదా బేటా?

ముందు డిజిటల్ సేవల మాట. ఇందులో గోదావరి జిల్లాలది పాత చరిత్రే. 2000ల మొదట్లోనే పశ్చిమ గోదావరి పల్లెల్లో ఈ-సేవా కేంద్రాలు నడిచాయి, చాలాచోట్ల మహిళా సంఘాల చేతుల మీదుగా. తర్వాత మీసేవ వచ్చింది. 2019 అక్టోబర్ 2న కాకినాడ దగ్గర కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పరిపాలన వచ్చింది. 9552300009 నంబరుకు మెసేజ్ పెడితే మొదట్లో 161 సేవలు. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

వీటిని చులకన చేయడానికి నేను రాయడం లేదు. ఒక ఆదాయ ధ్రువపత్రం కోసం మా అబ్బా మూడు రోజుల కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడం నాకు గుర్తుంది. ‘సాబ్ లంచ్‌కి వెళ్ళారు’ అన్న మాట విని వేపచెట్టు కింద కూర్చున్న గంటలు గుర్తున్నాయి. ఇవాళ అదే కాగితం కోసం ఇంట్లో కూర్చుని దరఖాస్తు పెట్టగలిగితే, అల్‌హమ్దులిల్లాహ్, అది పేదవాడి కూలి మిగిల్చినట్టే. మేలును మేలు అని ఒప్పుకోవడం కూడా ఇంసాఫే.

కానీ మా ఖాలా సంగతి వినండి. వయసు అరవై దాటింది. ఖాలూ పోయి చాలా ఏళ్ళయింది. ఖురాన్ నాజిరా చక్కగా చదువుతుంది, తెలుగు అక్షరాలు రావు. ఆధార్‌లో ఆమె పేరు చివర ‘బీ’ అని ఉంది. రేషన్ కార్డులో ‘బీబీ’. బ్యాంకు పుస్తకంలో ‘బేగం’. ఒకచోట ‘షేక్’ ముందుంది, ఇంకోచోట వెనక ఉంది, మూడోచోట అసలే లేదు. ఒక పథకానికి దరఖాస్తు పెట్టింది. పేరు సరిపోలలేదని అది వెనక్కి పోయింది. ఆ కబురు మెసేజ్‌గా వచ్చింది, కానీ ఫోన్ నంబరు ఊళ్ళో లేని కొడుకుది. వాడు చూసేసరికి నెల దాటింది. నేను వెళ్ళి విషయం చెప్తే ఖాలా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఏం బేటా, నా పేరు నాకు తెలీదా? నేను నేను కాదంటుందా ఆ మిషన్?” అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇది ఒక్క ఖాలా బాధ కాదు. తెలుగువాళ్ళ కాగితాల్లో ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మన పేర్ల పద్ధతి వేరు. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ లాంటివి ఇంటిపేర్లా, పేరులో భాగమా అన్నది రాసే గుమాస్తా ఇష్టం. ‘షేక్’ ఒక్కదాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. మనిషి గుమాస్తాకు అవన్నీ ఒకటేనని తెలుసు. కంప్యూటర్‌కు అక్షరం తేడా వస్తే మనిషే వేరు. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ ఉంది కదా, అందులో షేక్ అన్నది ఒక గ్రూపు. అంటే మన పిల్లల సీటు, ఫీజు, ఉద్యోగం ఆ స్పెల్లింగ్ మీద ఆధారపడి ఉన్నాయి. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత తూర్పు గోదావరి కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి అయింది. పశ్చిమ గోదావరిలోంచి ఏలూరు వేరుపడింది. ఒకే మనిషి ఇంట్లో కదలకుండా కూర్చున్నా పాత కాగితం ఒక జిల్లా చెప్తుంది, కొత్త కాగితం ఇంకో జిల్లా చెప్తుంది.

కాబట్టి ‘ఎన్ని సేవలు’ అన్నది గేజ్ కాదు. అది బ్యారేజీకి ఎన్ని తలుపులున్నాయో చెప్పడం లాంటిది. నీళ్ళు ఎంత వస్తున్నాయో అది చెప్పదు. నాకు కావలసిన గేజ్ ఇది: ప్రతి సచివాలయం గోడ మీద ప్రతినెలా ఒక కాగితం. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని వెనక్కిపోయాయి, ఏ కారణంతో, సగటున ఎన్ని రోజులు పట్టింది. పేరు సరిపోలక పోయినవి ఎన్నో విడిగా చెప్పాలి. ఆ ఒక్క వరుస రాసిన నాడు మా ఖాలా లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో పై అధికారికి కనపడుతుంది. కనపడితే ఏదో ఒక ఇలాజ్ దొరుకుతుంది.

రెండో మాట. ఫోన్ ఎంత తెలివైనదైనా మనిషి కూర్చున్న కౌంటర్ ఉండాల్సిందే. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. జనం సిగ్నల్ కోసం గోదారి గట్ల మీదికి, పక్క ఊళ్ళకు పరుగులు పెట్టారు. శాంతిభద్రతల కోసం ఆపారన్నది సర్కారు మాట. కావచ్చు. అయితే సర్కారు మొత్తం ఫోన్‌లోకి వెళ్ళిపోయాక అలాంటి రోజే మళ్ళీ వస్తే, ఆస్పత్రి కాగితం కావలసిన బీమార్ మనిషి ఎవరి తలుపు తట్టాలి? తాళం వేసే చెయ్యి, సేవ అందించే చెయ్యి రెండూ సర్కారువే. తాళం పడిన రోజు కూడా తెరిచి ఉండే కిటికీ ఒకటి ముందే పెట్టుకోవాలి.

ఇంటికొచ్చి పింఛను ఇచ్చే పద్ధతి ఎందుకంత పేరు తెచ్చుకుందో ఆలోచించండి. వాలంటీర్ల కాలంలోనైనా, 2024 జూలై నుంచి సచివాలయ సిబ్బంది ఇస్తున్న కాలంలోనైనా, ముసలమ్మ ఎదుట ఒక మనిషి నిలబడి పేరు పెట్టి పిలిచాడు. పార్టీలు వేరు, ఆ పని ఒకటే. మిషన్ మనిషికి మదద్ చేయాలి, మనిషిని తప్పించకూడదు.

ఠాణా మెట్లంటే భయం

ఇక పోలీసుల మాట. ఇది మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి మాట్లాడే సంగతి. అందుకే గట్టిగా రాస్తున్నా.

రాష్ట్రంలో మొదటి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న మన రాజమండ్రిలోనే మొదలైంది. అంతకు ముందు 2019 డిసెంబరులో అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. ఎంతో ఢంకా మోగింది. ఆ బిల్లు మాత్రం చట్టంగా అమల్లోకి రానేలేదు. దిశ యాప్ ఉండేది. సర్కారు మారింది. 2025 మార్చి 8న ‘శక్తి’ యాప్ వచ్చింది. ఆపదలో ఉన్న ఆడపిల్ల మీట నొక్కితే పోలీసులు రావాలన్నది దాని మక్సద్. మంచి మక్సదే. దిశ అన్నా శక్తి అన్నా నా కూతురికి కావలసింది పేరు కాదు. మీట నొక్కాక ఎన్ని నిమిషాల్లో జీపు వస్తుందన్నదే. ఎన్ని ఫోన్లలో యాప్ ఎక్కించారన్న అంకె మనకు చెప్తారు. మన మండలంలో ఎన్నిసార్లు మీట నొక్కారు, ఎన్ని నిమిషాల్లో చేరారు, ఎన్ని కేసులు నమోదయ్యాయి? గేజ్ అంటే అది.

మా మొహల్లాలో ఒక రిటైర్డ్ టీచర్ సాబ్ ఉన్నారు. ఎవరి జోలికీ పోని మనిషి. ఒకరోజు వీడియో కాల్ వచ్చింది. తెర మీద ఖాకీ యూనిఫాం. మీ పేరు మీద పార్సెల్‌లో మత్తుమందు దొరికింది, మీ పేరుకు దేశద్రోహ కేసుతో తాల్లుక్ ఉంది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటి రావద్దు అన్నాడు. ఆయన పెన్షన్ డబ్బు మొత్తం పంపేశారు. దేశంలో డిజిటల్ అరెస్టు అన్న పద్ధతే లేదని ప్రధాని 2024 అక్టోబరులో రేడియోలో చెప్పారు. టీచర్ సాబ్ ఆ మాట విన్నారు కూడా. అయినా ఎందుకు నమ్మారని అడిగితే ఆయనన్న మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. “మన పేరు అలాంటిది కదా భాయ్. మనల్ని అలా అనగలరని నాకు అనిపించింది. అందుకే నమ్మాను.”

దగాకోరు ఆయన అమాయకత్వాన్ని వాడుకోలేదు, ఆయన భయాన్ని వాడుకున్నాడు. ఆ భయమే ఆయన్ను ఇంకో రెండు రోజులు ఠాణా మెట్లెక్కనివ్వలేదు. ఆ రెండు రోజుల్లో డబ్బు ఎన్ని ఖాతాలు మారి ఉంటుందో. చివరికి వెళ్తే ఒకచోట ఇది మా పరిధి కాదన్నారు. ఏ ఊరి ఠాణా అన్నది చెప్పను, ఎవరినీ బద్నాం చేయడం నా ఉద్దేశం కాదు. ఆయనకు చట్టం తెలిసుంటే ఆ మాటకు వెనక్కి తిరిగి వచ్చేవారు కాదు.

అందుకే ఈ నాలుగు సంగతులు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. నోటితో చెప్పినా రాసుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి. 179వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళను, 15 ఏళ్ళలోపు, 60 ఏళ్ళు దాటిన మగవాళ్ళను సాక్ష్యం కోసం ఠాణాకు రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్ళుండే చోటే అడగాలి. సైబర్ మోసమైతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే ఆశ అంత ఎక్కువ. ఏ ఆపదకైనా 112. వకీలు పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100.

ఇవేవీ ఎవరి మెహర్బానీ కాదు. మన హక్.

మన వైపు తప్పూ ఒప్పుకుందాం. ఇంట్లో ఆడపిల్ల మీద చెయ్యెత్తితే మనమే ‘ఇజ్జత్ పోతుంది, నలుగురిలో నవ్వులపాలవుతాం’ అంటాం. జమాత్ పెద్దలు కూర్చోబెట్టి సబర్ చేయమంటారు. సుల్హ్ మంచిదే, దెబ్బలు ఆగితే. ఆగకపోతే ఆ సుల్హ్ ఎవరి కోసం? శక్తి యాప్ ఆమె ఫోన్‌లో ఉండి, ఆ ఫోన్ అన్న చేతిలో ఉంటే సర్కారు ఏం చేయగలదు? ఎలాన్‌కు గేజ్ లేదని సర్కారును అడిగే ముందు, మన గడప లోపల కూడా ఒక కొలత ఉండాలి.

రాజమండ్రివాళ్ళకు ఇంకో ఫికర్ ఉంది. 2015 జూలై 14న పుష్కరాల మొదటి రోజు పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ఆ రోజు మన ఊరు మొత్తం ఏడ్చింది, ఏ మొహల్లా అన్న తేడా లేదు. 2027లో మళ్ళీ పుష్కరాలు. కెమెరాలు, డ్రోన్లు, యాప్‌లు అని ఎలాన్‌లు వస్తాయి. రావాలి. కానీ ఏ ఘాట్‌లో ఎంతమంది పడతారు, ఆ లెక్క దాటితే గేటు ఎవరు మూస్తారు, ఆ మాట మైకులో ఎవరు చెప్తారు అన్నది ముందే జనానికి తెలియాలి. నీళ్ళకు 17.75 ఉన్నట్టు జనానికీ ఒక అంకె ఉండాలి. వచ్చేది మన ఊరి మెహమాన్లు. వాళ్ళ జాన్ మనకు అమానత్.

కాలవ నీళ్ళు ఎవరి జిమ్మేదారీ?

మూడో ఎలాన్ సుస్థిరాభివృద్ధి. పెద్ద మాట. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కలిసి 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి, 2030 గడువు. పేదరికం, తాగునీరు, చదువు, ఆరోగ్యం, ఇంసాఫ్ అన్నీ అందులో ఉన్నాయి. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతినెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. మా వీధిలోనూ జరిగింది. చీపుర్లు వచ్చాయి, బ్యానర్ వచ్చింది, ఫోటో తీశారు. నాలుగో శనివారానికి కాలవలో మళ్ళీ అవే కవర్లు.

ఈ డెల్టాకు సుస్థిరం అన్న మాట కొత్తది కాదు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళ మీదే ఇన్ని తరాలు బతికాయి. అంటే కాలవ నీళ్ళు ఇచ్చింది, మురుగు కాలవ ఆ నీళ్ళను తిరిగి సముద్రానికి మోసుకుపోయింది. రెండోది పూడిపోతే మొదటిది శాపమవుతుంది. వాన పడ్డప్పుడల్లా చేలు మునుగుతున్నది అందుకే. భీమవరం ఊరి మధ్యలోంచి పోయే యనమదుర్రు డ్రెయిన్ పక్కన ఒక్కసారి నిలబడండి, నేను రాయక్కర్లేదు, మీ ముక్కే చెప్తుంది. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎంతోమందికి రోజీ ఇచ్చాయి, మన కుర్రాళ్ళకు కూడా. అదే చెరువుల పక్కన బోరు నీళ్ళు ఉప్పగా మారిన ఇళ్ళున్నాయి. రోజీ ఒకరిది, దాహం ఇంకొకరిది అయితే దాన్ని అభివృద్ధి అనడానికి నాకు మనసొప్పదు.

కోనసీమలో భూమి కింద గ్యాస్ ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు, టీ కాచుకుంటున్నవాళ్ళు. అక్కడ కావలసింది ఉపన్యాసం కాదు, పైపు వయసెంత, చివరిసారి ఎప్పుడు పరీక్ష చేశారన్న ఒక చిన్న బోర్డు. అదీ గేజే.

కాబట్టి ఈ ఎలాన్‌కు నేను అడిగేది ఎక్కువేం లేదు. జూన్ లోపల మా డ్రెయిన్‌లో ఎన్ని కిలోమీటర్ల పూడిక తీశారు? మా కుళాయి నీళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది? 2047 సంగతి అల్లాహ్‌కు తెలుసు. ఈ జూన్ సంగతి మాకు చెప్పండి.

ఇక్కడా మన హిసాబ్ ఉంది. నది ఒడ్డున కూర్చున్నా వుజూలో నీళ్ళు వృథా చేయొద్దన్న తాలీమ్ మనది. మసీదులో కుళాయి తిప్పి వదిలేసి కబుర్లాడేది మనమే. వలీమా మర్నాడు ఫంక్షన్ హాలు వెనక ప్లాస్టిక్ గ్లాసుల గుట్ట మనదే. దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌లో చాలా రకాలు బంద్ అయ్యాయి. మన దావత్‌లకు ఆ ఎలాన్ ఇంకా చేరినట్టు లేదు. బక్రీద్ నాడు కుర్బానీ వ్యర్థాలను లోతుగా పూడ్చే ఏర్పాటు మొహల్లా మొహల్లాకూ ముందే చేసుకుంటే పొరుగువారి ముందు తలెత్తుకుంటాం. పొరుగువారి హక్ గురించి బయాన్‌లు వినడం వేరు, వాళ్ళ ముక్కుకు తకలీఫ్ ఇవ్వకపోవడం వేరు.

మన మాట ఎవరు వింటారు?

ఇది చదివి ఒక భాయీజాన్ తప్పకుండా అంటారు: ‘ఇవన్నీ అడగడానికి మనమెవరం? మనం అడిగితే ఇంకోలా చూస్తారు.’ ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. టీచర్ సాబ్ భయం నాకు తెలుసు. కానీ హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు వాకయా మనం బయాన్‌లలో ఎన్నిసార్లు వినలేదు? అందరికీ ఒక్కో బట్ట ముక్క వస్తే మీ ఒంటి మీద ఇంత బట్ట ఎలా వచ్చిందని ఒక సామాన్యుడు నిండు సభలో ఖలీఫాను అడిగాడు. ఖలీఫా కోప్పడలేదు. కొడుకును పిలిపించి, తన వంతు కూడా తండ్రికి ఇచ్చానని చెప్పించారు. ఆ తర్వాతే జనం ఆయన మాట విన్నారు. హిసాబ్ అడగడం బగావత్ కాదు. అడిగే ఖౌమ్‌గా బతకడం మన తాలీమ్‌లోనే ఉంది.

అలాగే ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించి? అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితం రాసుకోమని, గవాహ్ పెట్టుకోమని చెప్పే ఆయత్ అది. కాగితం సరిగా ఉంచుకోవడం దునియాదారీ మాత్రమే అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నా తజ్వీజ్ చిన్నది. ప్రతి మసీదు కమిటీ నెలకు ఒక ఆదివారం ఒక బల్ల వేయాలి. చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరు, చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరు. ఆడవాళ్ళకు విడిగా కూర్చునే చోటు తప్పకుండా ఉండాలి, లేకపోతే మా ఖాలా రాదు. వచ్చినవాళ్ళ ఆధార్, రేషన్, బ్యాంకు, బడి కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడాలి. తేడా ఉంటే ఏది దిద్దించుకోవాలో చెప్పాలి. మొహల్లాలో పక్కింటి అక్క, చర్చి పక్కన ఉండే అన్న వస్తే వాళ్ళకూ చేయాలి, ఖిద్మత్‌కు మజహబ్ అడ్డం కాదు. ఒక రిజిస్టర్‌లో రాయాలి: ఎన్ని దరఖాస్తులు పెట్టాం, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎందుకు రాలేదు. ఆరు నెలల తర్వాత ఆ రిజిస్టరే మన గేజ్. దాన్ని పట్టుకుని గ్రామసభకో, వార్డు సచివాలయానికో వెళ్ళి ఒకే ఒక్క సవాల్ అడగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో చెప్పాలి. గట్టిగా అరవక్కర్లేదు. అంకె చెప్తే చాలు.

మా ఖాలా పేరు దిద్దే పని ఇంకా నడుస్తోంది. రెండుసార్లు వెళ్ళాం, మూడోసారి వెళ్ళాలి. మొన్న వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి లేచి, “కూర్చోండమ్మా, నేను చూస్తాను” అని కుర్చీ వేసింది. బయటికొచ్చాక ఖాలా పని అయిందా లేదా అని అడగలేదు. ఆ పిల్ల అమ్మానాన్నలకు దుఆ చేసింది. ఆ కుర్చీ ఏ యాప్‌లోనూ లేదు, ఏ ఎలాన్‌లోనూ లేదు. అది ఉన్నచోట ఎలాన్‌కు అమల్ దొరుకుతుంది.

ఈసారి ఎర్రనీళ్ళు వచ్చేలోపు మీ ఇంటి కాగితాల సంచీ ఒకసారి విప్పి చూడండి. పేర్లు సరిచూసుకోండి. మీ ఆడపిల్లలకు 112, పెద్దలకు 1930 నేర్పించండి. అల్లాహ్ మన పాలకులకు ఇంసాఫ్ చేసే మనసు, మనకు హిసాబ్ అడిగే ధైర్యం, ఇచ్చుకునే నిజాయితీ ప్రసాదించాలి. ఆమీన్.